తుఫాను హెచ్చరికలు రాసేవారికి ఒక మైకువాడి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీరు నన్ను ఎరగరు. కానీ మీరు రాసే వాక్యాలు పాతికేళ్లుగా నా గొంతుతోనే మా ఊళ్లలో వినబడుతున్నాయి. మాది దివిసీమ, కోడూరు వైపు. పెళ్లిళ్లకి, జాతరలకి, దినాలకి మైకు సెట్టు అద్దెకిస్తాను. తుఫాను పట్టిందంటే చాలు, నాకు ఫోనొస్తుంది. ఆటో పైన రెండు గొట్టాలు కట్టి, సీటు కింద బ్యాటరీ పెట్టుకుని, చేతిలో మీ కాగితం పట్టుకుని వానలో బయల్దేరతాను. ఈమధ్య కాగితం కూడా లేదు, వాట్సాప్‌లోనే వస్తోంది. స్క్రీను మీద చినుకులు తుడుచుకుంటూ చదువుతాను.

ఆ కాగితం గురించే ఈ లేఖ. తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు మీరు చెప్పే చోటుకు, చెప్పే వేళకు తుఫాను ఇంచుమించు అలాగే వస్తోంది. మా చిన్నప్పుడు ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పగా వినలేదు. నా ఫిర్యాదు ఒక్కటే. మీరు గాలి గురించి చెబుతున్నారు. మా వాళ్లను చంపింది నీళ్లు.

నేను మైకులో చదివేది సుమారుగా ఇలా ఉంటుంది: "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో కేంద్రీకృతమైన తీవ్ర తుఫాను వాయవ్య దిశగా పయనించి రేపు మధ్యాహ్నానికి ఫలానా చోట తీరం దాటే అవకాశం ఉంది. ఆ సమయంలో గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి. గుడిసెలు, విద్యుత్ స్తంభాలు, అరటి తోటలు దెబ్బతినవచ్చు. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు." ఇదంతా అయ్యాక, చిట్టచివర ఒక వాక్యం. "ఖగోళ పోటు కన్నా మీటరు నుంచి మీటరున్నర ఎత్తున అలలు ఎగసి లోతట్టు ప్రాంతాలు ముంపునకు గురికావచ్చు."

ఒకసారి ఈ వాక్యం చదివి ఆటో ఆపితే, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అడిగింది: "ఖగోళం అంటే ఆకాశం కదరా అబ్బాయ్, ఆకాశం కన్నా మీటరున్నర ఎత్తా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ వాక్యానికి అర్థం నాకూ తెలియదు. అప్పటికి పదిహేనేళ్లుగా చదువుతున్నాను.

తర్వాత కాలేజీలో చదివే మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. సూర్యచంద్రుల వల్ల రోజూ వచ్చే పోటూ పాటూ ఉంటాయి కదా, దాన్ని మీ భాషలో ఖగోళ పోటు అంటారట. ఆ మామూలు పోటు ఎంత ఎత్తుకు వస్తుందో, దాని పైన ఇంకో మీటరున్నర అన్నమాట. దీన్ని ఇలా చెబితే మా బెస్తవాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. పోటు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో వాళ్లకు పుట్టినప్పటినుంచీ తెలుసు. "పోటు గీత మీద నిలబడితే ఇంకా మీ గుండెల్లోతు నీళ్లు వస్తాయి" అంటే ఎవరూ నవ్వరు.

ఇక 1977 సంగతి. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. నేనూ పుట్టలేదు. మా అమ్మ చెప్పగా విన్నది, ఊళ్లో పెద్దలు చెప్పుకోగా విన్నది, తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం దాటింది. వరి కోతకొచ్చింది. అంతకు వారం ముందే, 12న, ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి అక్కడ వందల మందిని తీసుకుపోయింది. ఆ వార్త చల్లారకముందే అండమాన్ దిక్కున ఇంకొకటి లేచింది. మొదట పడమరగా నడిచింది. పడమరగా నడిచేది మనకు కాదు, ఆ కిందవాళ్లకు అని మా వాళ్లు అనుకున్నారు. 17న జగత్‌స్వామిని అనే ఓడ దాని కంటిలోకే, అంటే నడిమధ్యకే వెళ్లింది. గాలి ఎంతుందో ఆ ఓడ లెక్క చెప్పింది. తర్వాత తుఫాను ఉత్తరానికి మళ్లింది. 19 సాయంత్రం చీరాల దగ్గర తీరం దాటింది.

చీరాల దగ్గర. ఈ మాట మళ్లీ చదవండి. చీరాలకూ మా దివిసీమకూ మధ్య కాకి ఎగిరినా అరవై డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. ఇవాళ్టి భాషలో చెబితే "తుఫాను చీరాల వద్ద తీరం దాటనుంది" అని నేను మా ఊళ్లో మైకులో చదివి ఉండేవాణ్ణి. మా వాళ్లు "పోనీలే, చీరాలకి పోయింది" అని ఊపిరి పీల్చుకుని ఉండేవారు. శవాలు ఎక్కువ లేచింది ఇక్కడ: సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఇంకా ఆ వరసలో ఉన్న ఊళ్లు. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చి, పది పన్నెండు కిలోమీటర్లు ఊళ్ల మీదుగా నడిచాయి. చచ్చిపోయినవాళ్లు అధికారిక లెక్కలో పది వేలకు అటూ ఇటూ. బయటి అంచనాలు 50,000 దాకా వెళతాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే చెబుతుంది, లెక్కపెట్టడానికి మనిషీ మిగల్లేదు, కాగితమూ మిగల్లేదని.

ఎందుకు ఇక్కడ? దీనికి జవాబు కష్టమైనదేం కాదు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుఫాను నడిచే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే, మన కుడి చేతి వైపు గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తోస్తుంది. ఎడమ చేతి వైపు ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది, అక్కడ నీళ్లు వెనక్కి కూడా పోతాయి. చీరాలలో నిలబడి ఉత్తరానికి చూస్తే కుడి చేతి వైపు దివిసీమ. దానికి తోడు మా ముందున్న సముద్రం లోతు లేనిది. లోతున్న చోట గాలి తోసిన నీళ్లు అడుగునుంచి వెనక్కి జారిపోతాయి. లోతు లేకపోతే జారడానికి చోటుండదు, ఒడ్డు ఎక్కుతాయి. మా ఒడ్డు చూస్తే చాప పరిచినట్టు చదును. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై మమ్మల్ని మధ్యలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. అంటే మూడు వైపులా నీళ్లే.

తుఫాను నడిమధ్యలో గాలి పీడనం తగ్గినందుకు కూడా సముద్రం కాస్త ఉబ్బుతుందట. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఎంత పెద్ద తుఫానైనా ఆ లెక్కన మీటరున్నరకు మించదు. మిగతాదంతా గాలి తోసిందే. అందుకే "గాలే కదా కారణం, గాలి గురించే చెబుతున్నాం" అని మీరనవచ్చు. కారణం గాలే. కానీ గాలి వేగం ఒక్కటే చెబితే నీళ్ల ఎత్తు తెలియదు. తుఫాను ఎంత వెడల్పు, ఎటునుంచి వస్తోంది, ఒడ్డు ఎలా ఉంది, ఆ వేళకు పోటా పాటా, ఇన్ని కలిస్తే నీళ్ల లెక్క తేలుతుంది. మేం వేసుకునే లెక్క కాదది. మీ దగ్గర కంప్యూటర్లున్నాయి.

పోటంటే గుర్తొచ్చింది. 1977లో ఆ రోజు అమావాస్య వెళ్లి ఎనిమిదో రోజు. అష్టమి, నవమి నాళ్లలో పోటు నీరసంగా ఉంటుందని మా రేవులో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అలాంటి నీరసపు పోటు రోజున వచ్చిన ఉప్పెన అది.

ఇక మా అమ్మ సంగతి. అప్పటికి ఆవిడకు పదహారేళ్లు. పొద్దుటినుంచీ గాలి. మధ్యాహ్నానికి తాటాకు పాకలు ఎగిరిపోవడం మొదలైంది. గాలి వచ్చినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఇంట్లోకి పోతారు. తలుపులు బిగిస్తారు. గడియ పెట్టి, రుబ్బురోలు అడ్డం పెడతారు. మా అమ్మమ్మ వాళ్లూ అదే చేశారు. చుట్టుపక్కల పాకలు పోయినవాళ్లు కూడా వాళ్లింట్లోకి వచ్చారు, అది మట్టి గోడల ఇల్లే అయినా పెద్దది కాబట్టి. ఇరవై మందికి పైగా ఉన్నారట లోపల. గేదె అరుస్తోందని మా అమ్మ తలుగు విప్పడానికి బయటికి వచ్చింది. ఎందుకొచ్చావే అని వాళ్లమ్మ తిట్టిన తిట్టు కూడా ఆవిడకు గుర్తుంది. తలుగు విప్పి వెనక్కి తిరిగేసరికి ఇల్లు లేదు.

"నీళ్లు వచ్చినట్టు లేదురా, నేలే లేచినట్టుంది" అంటుంది. ముందు చప్పుడు, అదీ గాలి చప్పుడు కాదు. తర్వాత తుమ్మచెట్టు. ఆ చెట్టు ఎలా దొరికిందో ఆవిడకే తెలియదు. ముళ్లు అరచేతుల్లో దిగబడితే వదల్లేక పట్టుకుంది. ఇప్పటికీ ఎడమ చేతి మీద ఆ మచ్చలున్నాయి. చపాతీ పిండి పిసుకుతున్నప్పుడు చూస్తాను. రాత్రంతా ఆ చెట్టు మీదే ఉంది. పొద్దున దిగి చూస్తే ఊరు ఎటుందో తెలియలేదు, ఎందుకంటే దిక్కు చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. ఇంట్లో ఉన్న ఇరవై మందిలో ఒక్కరూ మిగల్లేదు.

నేను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గాలికి చేయాల్సిన పనీ, నీళ్లకు చేయాల్సిన పనీ ఒకదానికొకటి ఎదురు. గాలికి ఇంట్లోకి పోవాలి, తలుపు బిగించాలి, కదలకూడదు. నీళ్లకు ఇల్లు వదలాలి, దూరం పోవాలి, లేదా ఎత్తు ఎక్కాలి. మా అమ్మమ్మ వాళ్లు గాలికి చేయాల్సిందంతా తప్పు లేకుండా చేశారు. ఏ పెద్దమనిషీ వాళ్లను మూర్ఖులనడానికి లేదు. ఇప్పుడు నేను మైకులో "గంటకు వంద కిలోమీటర్ల గాలి, ప్రజలు ఇళ్లలోనే ఉండవలెను" అని చదివితే, 1977లో వాళ్లు చేసిన పనే మళ్లీ చేయమని చెప్పినట్టు. మీరు రాసిన కాగితంలో ఈ వాక్యం ఒక్కోసారి నిజంగానే ఉంటుంది. కింద ఇంకో పేరాలో "లోతట్టు ప్రాంతాల ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లవలెను" అని ఉంటుంది. మాది లోతట్టా, మెట్టా? ఆ సంగతి ఎవరు చెబుతారు? లోతట్టు ప్రాంతం అంటే ఎప్పుడూ పక్క ఊరే అనుకుంటాడు ప్రతివాడూ.

మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను ఆటోలో పోతుంటే జనం నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్నో నంబరు ఎగరేశారు?" అని. మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక పెట్టారు అని. నంబరు పదైతే పెద్దది, పారిపోవాలి. మూడో నాలుగో అయితే పేకాట కొనసాగుతుంది. ఆ నంబర్లు ఓడలకు పెట్టినవి. రేవులో ఉన్న ఓడ ఉండాలా పోవాలా అన్నది చెప్పడానికి పెట్టినవి. మా గొడ్ల పాకలో నీళ్లు ఎంతెత్తు వస్తాయో ఆ నంబరు చెప్పదు. ఇంకో విచిత్రం, పది తర్వాత పదకొండు కూడా ఉంది. పదకొండో నంబరు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉన్నది ఆ పదకొండో నంబరులోనే. తీగల్లేవు, దారుల్లేవు. ఇక్కడ ఏం జరిగిందో బయటి లోకానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది.

మీరు అనవచ్చు, ఇదంతా ఎప్పటిదో, ఇప్పుడు షెల్టర్లున్నాయి, ఫోన్లున్నాయి అని. నిజమే. 1990 మే 9న దాదాపు అంతే భయంకరమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే వచ్చింది. ముందే లక్షల మందిని తరలించారు. చచ్చిపోయినవాళ్లు వెయ్యిలోపు. ఆ వెయ్యి కూడా తక్కువేం కాదు, కానీ పదమూడేళ్ల కింద ఎంత పోయారో చూసినవాళ్లకు ఆ తేడా తెలుసు. జనాన్ని కదిలిస్తే బతుకుతారని మా జిల్లాలోనే రుజువైంది. ఆ తరలింపు ఎందుకు సాధ్యమైందంటే, నా ఉద్దేశంలో, 1977 చూసిన కళ్లు ఇంకా ప్రతి ఇంట్లో ఉన్నాయి. మైకు అక్కర్లేదు. ఇంట్లో నానమ్మే మైకు.

ఆ కళ్లు మూతబడుతున్నాయి. ఇప్పటి కుర్రాళ్లకు తుఫాను అంటే హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, విశాఖపట్నం. వాళ్లు ఫోన్లో చూసింది ఎగిరిపోతున్న రేకులు, విరిగిన సెల్ టవర్లు, చెట్లన్నీ బోడులైపోయిన కొండలు. అంతా గాలే. 1996 నవంబరులో కోనసీమ సంగతి చెప్పుకున్నా కొబ్బరి తోటలే కళ్ల ముందుకు వస్తాయి. గాలి చంపదని నేను అనడం లేదు, ఆ ఏడు కోనసీమ వైపు వెయ్యి మందికి పైగా పోయారు. కానీ మా కుర్రాళ్ల లెక్క ఎలా ఉందో చెబుతాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ వచ్చినప్పుడు నేను ఆటో ఆపి చదువుతుంటే ఒకడు అన్నాడు: "వంద కిలోమీటర్లేగా మామా, హుద్‌హుద్‌కి నూట ఎనభై." ఇంకొకడు: "బాపట్ల దగ్గర దాటుతుందంట, మనకేం లేదు."

బాపట్ల. పటం తీసి చూడండి. చీరాల పక్కనే. దక్షిణం నుంచి ఒడ్డు వెంబడే ఎక్కి వచ్చి బాపట్ల దగ్గర దాటింది. అంటే మేం మళ్లీ దాని కుడి చేతి వైపే ఉన్నాం. దాని బలం 1977 దానిలో సగం కూడా లేదు కాబట్టి సరిపోయింది. ఆ కుర్రాడికి జవాబు చెప్పాలనుకున్నాను. నా చేతిలో ఉన్న కాగితంలో జవాబు లేదు.

ఇది మా ఒక్కరి గోలే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఫిలిప్పీన్స్‌లో టాక్లోబాన్ అనే ఊరుంది. 2013 నవంబరు 8న హైయాన్ అనే తుఫాను అక్కడ పడింది. హెచ్చరిక ముందే ఇచ్చారు. అందులో నీళ్ల సంగతి కూడా ఉంది, కానీ ఇంగ్లిషులో శాస్త్రవేత్తలు వాడే మాటతో ఉంది. జనానికి ఆ మాట తెలియదు. సునామీ అని ఉంటే పరుగెత్తి ఉండేవాళ్లం అన్నారు బతికినవాళ్లు. ఆ దేశంలో ఆరు వేల మందికి పైగా పోయారు. వాళ్ల భాషలో ఆ నీటికి వాడుకలో ఉన్న పేరు లేకపోయింది, పాపం. మనకుంది. ఉప్పెన. మూడక్షరాలు. మా ఊళ్లో ఆ మాట వినబడితే ముసలివాళ్లు లేచి నిలబడతారు. మీ కాగితంలో మాత్రం "అలల ఉద్ధృతి", "సముద్ర జలాలు ఉప్పొంగుట" అని ఉంటుంది. అల అంటే వచ్చి పోయేది. ఉప్పెన వచ్చి పోదు, వచ్చి నడుస్తుంది. దయచేసి ఉప్పెన అని రాయండి. భయపడతారేమో అని మొహమాటపడకండి. భయపడాల్సిన మాటకు భయపడనివ్వండి.

అమెరికావాళ్లు కూడా చాలా ఏళ్లు మీలాగే గాలికే నంబర్లు ఇచ్చారు. ఒకటి నుంచి అయిదు దాకా కేటగిరీలు. మొదట్లో ఏ కేటగిరీకి నీళ్లు ఎంతెత్తు వస్తాయో కూడా ఆ పట్టికలోనే ఉండేది. 2005లో కత్రినా అనే తుఫాను ఒడ్డుకు చేరేసరికి మూడో నంబరుకు తగ్గింది, కానీ మిసిసిపీ తీరంలో ఎనిమిది మీటర్ల దాకా నీళ్లు ఎక్కాయి. 2008లో ఐక్ అనే తుఫాను రెండో నంబరుదే, టెక్సస్ ఒడ్డున ఊళ్లను తుడిచిపెట్టింది. నంబరు చూసి తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2010లో ఆ పట్టిక నుంచి నీళ్ల లెక్క తీసేసి, అది గాలికి మాత్రమే అన్నారు. 2017 నుంచి ఉప్పెనకు విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. గాలికి ఒక హెచ్చరిక, నీళ్లకు ఒక హెచ్చరిక. నీళ్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తు అని కాదు, మీ నేల మీద ఎంత లోతు నిలుస్తాయో చెబుతారు. అక్కడి ధనం, అక్కడి కంప్యూటర్లు మనకు లేవనకండి. మన దగ్గరా ఉప్పెన లెక్క కట్టే వ్యవస్థ ఉంది, లేకపోతే ఆ చివరి వాక్యంలో మీటరున్నర అన్న అంకె ఎక్కడిది? లెక్క ఉంది. నా దాకా వచ్చేసరికి చివరి వాక్యం అయిపోతోంది, అంతే.

కాబట్టి నేను అడిగేది ఇది. మా మండలానికి పంపే కాగితంలో మొదటి వాక్యం నీళ్ల గురించి ఉండాలి. గాలి తర్వాత. ఆ వాక్యంలో ఊళ్ల పేర్లుండాలి. "కృష్ణా, బాపట్ల జిల్లాల లోతట్టు ప్రాంతాలు" అంటే ఎవరికీ తగలదు. "ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి దాకా, రేపు మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు మధ్య, నేల మీద మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా ఉప్పెన రావచ్చు" అనండి. మోకాలు, నడుం, గుండె, నెత్తి. ఈ కొలతలు చదువు లేనివాడికీ తెలుసు. మీటరు అంటే గుడ్డ కొనేటప్పుడు గుర్తొస్తుంది.

తుఫాను తీరం దాటే చోటు పేరు మైకులో చెప్పేటప్పుడు, దానికి కుడి చేతి వైపు వంద కిలోమీటర్లలోపు ఉన్నవాళ్లకు అది తమ గురించేనని పక్కనే చెప్పండి. రెండో వాక్యంలో వద్దు. అదే వాక్యంలో. ఎందుకంటే మొదటి వాక్యం అయ్యాక జనం మాట్లాడుకోవడం మొదలుపెడతారు, రెండో వాక్యం నేను ఎంత అరిచినా వినబడదు. పాతికేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

తప్పుడు హెచ్చరికైతే జనం మళ్లీ నమ్మరని మీకు ఒక టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. నడుం లోతు అని చెబితే పాదం కూడా తడవకపోతే? తిడతారు. నన్నే తిడతారు, ముందు దొరికేది నేను కాబట్టి. ఒకసారి షెల్టరులో రెండు రాత్రులు కూర్చోబెడితే చినుకు కూడా పడకుండా పోయింది. పాలు పితికేవాడు లేక గేదె పొదుగు వాచిందని ఒకాయన నా ఆటో ఆపి గంటసేపు దులిపాడు. దులపనివ్వండి. ఆయన గేదెను షెల్టరు దగ్గరికి తోలుకొచ్చే ఏర్పాటు ఉంటే అదీ ఉండదు. మా దగ్గర మనుషులు కదలకపోవడానికి సగం కారణం గొడ్లు. మిగతా సగం కోతకొచ్చిన వరి. మా అమ్మ బతికింది గేదె కోసం బయటికి వచ్చి. బయటికి రానివాళ్లు ఇల్లు విడవకుండా పోయారు. ఈ రెండు ముక్కలూ ఏ హెచ్చరికలోనూ ఇమడవు, నాకు తెలుసు.

ఇంకొక చిన్న అడుగు, ఖర్చు లేనిది. అవనిగడ్డ వైపు ఉప్పెన మృతుల స్మారక స్తూపం ఉంది. ఏటా నవంబరు 19న దండలు వేస్తారు. మంచిదే. నీళ్లు ఎంత దూరం వచ్చాయో చెప్పడానికి అదొక గుర్తు. కానీ మా ఊళ్లో, పక్క ఊళ్లో, నీళ్లు ఎంతెత్తు వచ్చాయో చెప్పే గుర్తు ఏ బడి గోడ మీదా లేదు, ఏ షెల్టరు గోడ మీదా లేదు. ప్రతి ఊళ్లో బడి గోడ మీద ఒక నీలం గీత గీసి, "1977 నవంబరు 19, నీళ్లు ఇక్కడిదాకా" అని రాస్తే చాలు. మచిలీపట్నంలోనైతే 1864 అని కూడా రాయొచ్చు. ఆ ఏడు నవంబరు 1న ముప్పై వేల మంది పోయారు అక్కడ. ఎన్ని స్కూళ్లలో పిల్లలకు ఆ సంగతి తెలుసు? గీత ఉంటే నా మైకు పని సగం తగ్గుతుంది. "రేపు ఆ గీతలో సగం దాకా" అంటే అయిపోతుంది.

మా ఊరి గీత ఎక్కడుందో నాకు తెలుసు. మా నాన్నగారి పాత ఇల్లు రాతి స్తంభాల పెంకుటిల్లు. ఆ రోజు అటక ఎక్కినవాళ్లు బతికారు. నీళ్లు తీశాక మా తాతయ్య మేకుతో ఒక స్తంభం మీద అడ్డంగా గీత గీశాడు. చిన్నప్పుడు నేను దాని కింద నిలబడి చెయ్యెత్తితే అందేది కాదు. తర్వాత డాబా వేసుకున్నప్పుడు ఇల్లు పడగొట్టాం. స్తంభాలు మూడు అమ్మేశాం. గీత ఉన్నది మాత్రం ఎందుకో అమ్మబుద్ధి కాలేదు. పెరట్లో గొడ్ల పాక పక్కన పడుకోబెట్టి ఉంది, గేదె తలుగు దానికే కడుతున్నాం. పడుకుని ఉంది కాబట్టి ఆ గీత ఇప్పుడు ఏ ఎత్తూ చెప్పడం లేదు. మొన్న టేపు పెట్టి కొలిచాను. నేలలో పాతిన భాగం రంగు వేరుగా తెలుస్తోంది, దాన్ని వదిలేసి అక్కడినుంచి కొలిస్తే ఆరడుగుల పది అంగుళాలు.

మీ తరఫున ఎవరైనా వస్తే దాన్ని బడి ముందు నిలబెట్టడానికి ఇచ్చేస్తాను. నలుగురు మనుషులు, ఒక ట్రాక్టరు, రెండు బస్తాల సిమెంటు సరిపోతాయి. గేదెకు వేరే గుంజ చూసుకుంటాం.

ఇట్లు,
కోడూరు వైపు నుంచి
మీ కాగితం చదివే మైకువాడు